దీక్షిత కాలు జారలేదు

దేవిదాస్ అన్నకు,

నా బిడ్డ దీక్షిత కాలు జారి బావిలో పడిందని, పోస్టుమార్టం వద్దని నువ్వే సంతకం చేశావు. పదేళ్లప్పుడు కాలువలో దానికి ఈత నేర్పింది కూడా నువ్వే. శవానికి స్నానం చేయించేటప్పుడు దాని మెడ చుట్టూ కమిలిన చార నీకు చూపించాను. "పోరి ఎట్లనో పోయింది, ఇజ్జతన్న మిగలనియ్యి చెల్లె" అన్నావు. సర్పంచ్ కొడుకు వెంటపడుతున్నాడని అది నీతో ముందే చెప్పుకుంది.

పది రోజులు బోధన్ పోలీస్ స్టేషన్ చుట్టూ తిరిగి ఫిర్యాదు రాయించాను. "మీ అన్ననే సంతకం పెట్టిండు గదమ్మా" అన్నాడు ఎస్సై. నాకు అన్న లేడన్నాను.

గురువారం తహసీల్దార్ ముందు, పూడ్చిన చోట తవ్వి దాన్ని బయటికి తీస్తారు. చూసింది చూసినట్టు చెప్పేందుకైతే రా. మేనమామగా ఏడ్వడానికైతే రావద్దు.

దీక్షిత తల్లి