ఆగితే ఉడుకుగాలి

దామోదర్‌కు,

ఫోన్‌లో నా మాట సగంలోనే ఆపుతావు కాబట్టి కాగితం మీద రాస్తున్నాను. మా కారు ఏసీ కోసం నీ మెకానిక్ షెడ్డుకు ఎన్నిసార్లు వచ్చానో నీకే తెలుసు. "నడుస్తాంటే సల్లగనే వస్తాంది, ఆగంగనే ఉడుకుగాలి కొడ్తాంది" అని మొత్తుకున్నాను. ప్రతిసారీ "గ్యాస్ అయిపోయింది వదినా" అంటూ గ్యాస్ నింపి పంపావు.

నిన్న మీ అమ్మను డయాలసిస్‌కు నల్లగొండ తీసుకుపోతుంటే మిట్టమధ్యాహ్నం రైల్వే గేటు పడింది. ఆ వేడికి ఆమె కళ్లు తేలేసింది. అద్దాలు దించి, తడిగుడ్డతో ముఖం తుడిచాను. ఆమె తేరుకున్నాక ఒళ్లు మండి బానెట్ ఎత్తి చూశాను. ఇంజన్ నడుస్తోంది, ఏసీ వేసే ఉంది, ముందరి ఫ్యాన్ మాత్రం తిరగడం లేదు.

"కారు నడుస్తాంటే ఎదురుగాలే ఏసీని సల్లబరుస్తది, ఆగితే ఈ ఫ్యానే దిక్కు" అంటూ దవాఖాన దగ్గరి మెకానిక్ ఆ ఫ్యాన్ మోటారు మార్చాడు. ఇప్పుడు ఎండలో నిలబెట్టినా చల్లగాలే.

ఇంటి ముందు దిగుతూ మీ అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "గీ ముచ్చట దామోదర్‌కు చెప్పకు బిడ్డా, పోరడు బాధపడ్తడు" అన్నది.

కన్నతల్లి కాబట్టి దాస్తుంది. నేను దాచను. బాధపడు. పడ్డాక, ఒకసారి వచ్చి ఆమె పక్కన కూర్చో.

మీ వదిన