వైద్యుల నడుమునున్న రివాల్వరును వార్డు బయట పెట్టించుట గురించి

గౌరవనీయులైన జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,
నిజామాబాద్.

అయ్యా,

విషయం: లైసెన్సు కలిగిన ఆయుధమును ఆసుపత్రి వార్డులోనికి తేరాదని చెప్పు అధికారము ఎవరిదో తేల్చి, తగు ఉత్తర్వులు ఇప్పించుట గురించి.

బోధన్ పట్టణంలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోములో హెడ్ నర్సుగా పనిచేయుచున్న జ్యోతిరాణి అను నేను తమకు విన్నవించుకొనునది ఏమనగా:

1. మా డాక్టరు చెన్నకేశవరావు గారు పిల్లల వైద్యులు. వారి మీద ఫిర్యాదు చేయుట నా ఉద్దేశము కాదు. రెండేళ్ళ కిందట ఒక రోగి చనిపోయినప్పుడు బంధువులు లోపలికి తోసుకొచ్చి, సెలైన్ స్టాండు ఊడదీసి డాక్టరు గారిని కొట్టారు. దవడ ఎముక విరిగింది. ఆ సమయంలో నేను మందుల గదిలో తలుపుకు వీపు ఆనించి నిలబడి ఉన్నాను. డాక్టరు గారి అరుపులు నాకు వినపడుతూనే ఉన్నాయి. తదుపరి వారు నియమ ప్రకారం దరఖాస్తు చేసుకొని రివాల్వరుకు లైసెన్సు పొందారు. చొక్కా కింద నడుముకు తోలు ఒరలో పెట్టుకొని రౌండ్లకు వస్తారు. అది ఎన్నడూ పేలలేదు. వారు దానిని బయటికి తీయగా చూసినవారు కూడా లేరు.

2. గత వానాకాలంలో కోటగిరి నుండి ఈరవ్వ అను బీడీలు చుట్టే ఆమె తన మనుమరాలు హర్షిణిని తెచ్చి మా దగ్గర చేర్చింది. పాపకు ఆరేళ్ళు. డెంగీ జ్వరం. పాప తల్లి నిఖిత అప్పటికి బాలింత, తండ్రి వరికోత మిషనుతో వేరే జిల్లాకు పోయి ఉన్నాడు. అందుచేత ముసలామె ఒక్కతే మంచం దగ్గర ఉండేది.

మధ్యాహ్నం రౌండ్లలో డాక్టరు గారు పాప నాడి చూశారు. బీపీ పడిపోతోంది. ఈరవ్వ ఆయనతో, "సారు, నిజామాబాద్ పెద్దదవాఖానకు తీస్కపోత. ఆడ మా సుట్టాలున్నరు," అన్నది.

"ఇప్పుడు పాపను కదిలించడానికి వీల్లేదు. ఎక్కడికీ తీసుకుపోవద్దు. నేను పంపించను," అన్నారు వారు. కోపంతో అన్నది కాదు, పాప కోసం అన్నారు. ఆ మాట అంటూనే సెలైన్ సీసా సరిచేయడానికి చెయ్యి పైకెత్తారు. చొక్కా లేచింది. ఒర, అందులోంచి నల్లటి పిడి కనపడ్డాయి. ఈరవ్వ చూపు అక్కడే ఆగిపోయింది.

అంతలో పక్క వార్డులో కాన్పు కేసుకని నన్ను పిలిచారు. తిరిగి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. సెలైన్ గొట్టం నేల మీదికి వేలాడుతూ చుక్కలు కారుస్తోంది. ఈరవ్వ పాపను ఎత్తుకొని వెనక మెట్ల మీదుగా దిగి, ఆటో మాట్లాడుకొని వెళ్ళిపోయింది. నేను బస్టాండు దాకా పరుగెత్తాను. దొరకలేదు. నిజామాబాద్ దారిలో జానకంపేట దాటకముందే ఆటోలో, నాయనమ్మ ఒడిలో, పాప ప్రాణం పోయింది.

3. దినాలు అయిన తరువాత నేను కోటగిరి వెళ్ళాను. ఈరవ్వ చాట ముందు కూర్చుని ఉంది గానీ బీడీ ఆకు కత్తిరించడం లేదు.

"ఎందుకు తీస్కపోయినవ్ అవ్వా?" అని అడిగాను.

"పంపియ్య అన్నడు బిడ్డా. నడుముల తుపాకి ఉన్నది. కదిలితె కాలుస్తడనుకున్న. గందుకె ఆయన సూడకుంట ఎనక మెట్ల దిగిన," అన్నది.

ఆయన అటువంటి మనిషి కాదని, తనకు దెబ్బలు తగిలినందువల్ల భయంతో పెట్టుకుంటాడని చెప్పాను. ఆమె అంతా విన్నది. తరువాత మెల్లగా, "గట్లనా. నేను తీస్కపోకుంటె బతికేదా?" అని అడిగింది.

ఇరవై ఏళ్ళుగా నర్సు పని చేస్తున్నాను. ఎన్నో ఇళ్ళవాళ్ళకు ఎన్నో చెప్పాను. ఆ రోజు అవ్వ చాటలోని ఆకు తీసుకొని కత్తిరించడం మొదలుపెట్టాను. నిఖిత లోపల చంటిబిడ్డకు పాలిస్తూ, మా వైపు చూడకుండా గోడ వైపు తిరిగి కూర్చుంది.

4. వార్డులో ఆయుధము వద్దని ఎవరు చెప్పవలెనని నేను విచారించిన వివరము: లైసెన్సు సంగతి చూసే కార్యాలయంలో ఒక ఉద్యోగి, "ఆయన షరతులేం తప్పలేదు కదమ్మా. ప్రైవేటు జాగల వద్దనాల్నంటె ఆ జాగ ఓనరే అనాలె," అన్నారు. మా ఆసుపత్రికి ఓనరు డాక్టరు గారి భార్య ఇందిరాదేవి గారు. వారిని అడిగితే, "సిస్టర్, ఆయన సాయంత్రం క్షేమంగా ఇంటికి రావాలండీ. నాకు అదొక్కటే రూలు," అన్నారు. వారిని తప్పు పట్టలేను. ఆరోగ్య శాఖ వారిని అడిగితే, "మంచాలు, మందులు మేం చూస్తం. తుపాకి మా తనిఖీల రాదు," అన్నారు.

మా గేటు మీద 'ఆయుధములతో లోనికి ప్రవేశము లేదు' అని బోర్డు ఉన్నది. వాచ్‌మన్ సిద్దిరాములుకు దానిని చూపించాను. "అది వచ్చేటోళ్ళకు అక్కా, సార్లకు కాదు," అన్నాడు.

5. చాటుగా రాయుట ఇష్టం లేక ఇంతవరకు రాసినదానిని ముందుగా డాక్టరు గారికే ఇచ్చాను. వారు మొత్తం చదివి, కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు రాసింది నిజమే. మొన్న దాన్ని ఇంట్లో వదిలేసి బయల్దేరాను సిస్టర్. గేటు దాకా వచ్చాను గానీ లోపలికి రాలేకపోయాను. కారు వెనక్కి తిప్పాను," అన్నారు. కాగితాలు నా చేతికి తిరిగి ఇస్తూ, "నా అంతట నేను వదల్లేను. ఎవరైనా వద్దని ఆర్డరిస్తే వదిలేస్తాను. పంపించు," అన్నారు.

కావున వద్దని చెప్పు అధికారము తమదే అయితే తాము చెప్పగలరు. తమది కాకపోతే అది ఎవరిదో వారిచేత చెప్పించగలరు. గేటు వద్ద తాళం వేసుకునే పెట్టె ఒకటి పెట్టించి, ఆయుధము అందులో ఉంచునట్లు చేయగలరు. అంతకంటె ముందు, వారికి దాని అవసరం లేకుండా మా ఆసుపత్రి దగ్గర ఒక పోలీసు మనిషిని ఉంచగలరు. ఆయన దవడ విరిగిన రోజున ఎవరూ రాలేదు. పాప ఆటోలో ఉన్నప్పుడూ ఎవరూ లేరు. ఈ రెండింటినీ వేర్వేరు కేసులుగా చూడవద్దని నా ప్రార్థన.

తెలిసీ తెలియక రాసిన తప్పులుంటే మన్నించి, నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జ్యోతిరాణి,
హెడ్ నర్సు, బోధన్.

తాజా కలం: అయ్యా, కవరు అంటించబోతూ మళ్ళీ విప్పి రాస్తున్నాను. ఈ పొద్దున ఈరవ్వ మా గేటు బయట కనపడింది. నిఖితకు జ్వరం, నిలబడలేకుండా ఉంది. చంటిబిడ్డ ఈరవ్వ చంకలో ఉంది. లోపలికి రమ్మని పిలిచాను. రాలేదు. "డాక్టరు సారు నడుముల గా తుపాకి ఇయ్యాల గూడ ఉన్నదా బిడ్డా?" అని అడిగింది.

లేదని అనవలసింది. నోరు రాలేదు. ఉన్నదని చెప్పాను. ఆమె కోడలి రెక్క పట్టుకొని, నిజామాబాద్ బస్సు కోసం రోడ్డు దాటింది.