పది నిమిషాల పని

ఎబిలీన్, టెక్సస్
జనవరి 18

అమ్మా డార్లా,

నేను కులాసా. నువ్వూ, కర్టిస్, పిల్లలూ టల్సాలో బాగున్నారని నమ్ముతాను. మీ అమ్మ చివరి రోజు గురించి ఏమీ దాచకుండా రాయమన్నావు. అదే ముందు రాస్తాను.

పోయిన ఫిబ్రవరిలో, ఆ మధ్యాహ్నం రెండింటికి కరెంటు పోయింది. రోడ్ల మీద మంచు గడ్డకట్టి, మంచాన ఉన్న అమ్మను చూసే నర్సు రాలేకపోయింది. ఇంట్లో మేమిద్దరమే. అమ్మ కళ్ళు మూసుకునే, "నీళ్ల చప్పుడు ఆగిపోయింది" అంది.

"కరెంటు పోయిందిలే. నువ్వు పడుకో."

"పడుకునే ఉన్నాగా. వెళ్ళి ఆ కొలను పంపు సంగతి చూడు. అది పగిలితే వేసవిలో నన్ను స్నానాల తొట్టిలో ఈదమంటావా?"

వెళ్ళాను. ఈతకొలను పంపు తిరుగుతున్నంతసేపూ భయం లేదు. ఆగిన నీరే గడ్డకట్టి పైపుల్ని చీలుస్తుంది. పంపుకు, ఫిల్టరుకు, హీటరుకు అడుగున ఉండే మూతలు విప్పి నీళ్లు వదిలేశాను. తిరిగి వచ్చేసరికి అమ్మ లేదు. మూడింటికి పది నిమిషాలు తక్కువ.

ఇంతవరకు నీకు తెలిసిందే.

నా మోకాలు నయం. నువ్వు పంపిన పీకన్ పప్పుల మిఠాయి రెండు రోజుల్లో అయిపోయింది. కొలను పూడ్పించెయ్యమని కర్టిస్ అన్నాడట. పూడ్పించను. అమ్మ ఉదయం ఆరింటికి ఈదుతుంటే, ఎన్నిసార్లు ఒడ్డు తాకి తిరిగిందో మంచంలోంచే లెక్కపెట్టేవాణ్ణి. తనకా సంగతి తెలియదు. నలభైసార్లు అయ్యాక లేచేవాణ్ణి. ఇప్పుడు ఎప్పుడు లేవాలో తెలియడం లేదు.

ఎల్లుండి మళ్ళీ గడ్డకట్టే చలి వస్తుందంటున్నారు. నిన్న పక్కింటి రాయిస్ వచ్చాడు.

"ఏం ముసలోడా, పోయినేడు వీధిలో పంపులన్నీ చచ్చాయి, నీదొక్కటే బతికింది. ఏం మంత్రం వేశావయ్యా?" అన్నాడు. వెంటనే టోపీ తీసి, "నోరు జారాను, వెండెల్. ఆ రోజే కదూ..." అన్నాడు.

"పర్లేదులే. రా, చూపిస్తాను."

మూతలు చూపించాను. "ఇంతేనా? ఎంతసేపు పడుతుంది?" అన్నాడు.

"పది నిమిషాలు" అన్నాను.

అన్నాక నా మాట నాకే వినిపించింది. ఆ రోజు మూతలు బిగుసుకుపోయాయనీ, అందుకే ఆలస్యమైందనీ నీకూ, పాస్టరుకూ, అందరికీ చెప్పాను. బిగుసుకోలేదు, డార్లా. చేత్తోనే తిరిగాయి. రెండుంపావుకల్లా పని అయిపోయింది. తరువాత ముప్పై అయిదు నిమిషాలు బకెట్ బోర్లించుకుని అక్కడే కూర్చున్నాను. పైపులకు పాత దుప్పటి చుట్టాను. నీళ్లు లేని పైపుకు దుప్పటి ఎందుకు? లోపల అమ్మ ఊపిరి తీసే చప్పుడు వినడం భరించలేకపోయాను. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం అనుకుంటూ ఉండిపోయాను. నన్ను పిలిచిందేమో తెలియదు.

నన్ను తప్పించడానికే పంపు చూడమందేమో అని ఒక్కోసారి అనిపిస్తుంది. అది నాకు అనుకూలమైన ఆలోచన. నమ్మను.

ఫోనులో చెప్పే ధైర్యం లేక రాస్తున్నాను. నీకు కోపం వస్తే రానీ. ఎన్నాళ్ళున్నా సరే.

అంత్యక్రియల తరువాత అమ్మ పోయిన గది తలుపు నేను తీయలేదు. రేపు ఉదయం, మళ్ళీ కరెంటు పోకముందే, పంపు ఆపి, మూతలు విప్పి, నీళ్లు కారిపోగానే లోపలికి వచ్చి ఆ గదిలో కూర్చుంటాను.

ఇట్లు,
మీ నాన్న