సగంలో తెగిన హంస అంచు

తెనాలి,
అమావాస్య వెళ్ళిన నాలుగో రోజు.

పెద్దక్క సీతమ్మకు తమ్ముడు కోటయ్య దణ్ణం పెట్టి తెలియజేస్తున్న సంగతులు.

నేను బాగానే ఉన్నాను. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, కంట్లో చుక్కలు వేస్తున్నారా, మన పేరాలలో వాన పడిందా, అన్నీ రాయించు. ఫోను చేస్తే నీకు వినపడదు, నేను అరవాలి, పక్కగదివాళ్ళు తొంగి చూస్తారు. అందుకే రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి దగ్గర ఆగింది కాబట్టి తప్పులుంటాయి. నీ కోడలు విజయ సర్దుకుని చదువుతుంది. మధ్యలో ఏదీ దాటెయ్యొద్దని మాత్రం చెప్పు.

నేను వచ్చి మూడు నెలలు దాటింది. గది ఇరుకు, పంపులో నీళ్ళు పొద్దున ఒక్కపూటే. మెస్సులో పప్పు పలచగా పోస్తారు, పచ్చడి బాగుంటుంది. తిండికి లోటు లేదు. ఒంట్లో అలసటే తగ్గడం లేదు. తెల్లవారి మెలకువ వస్తే వీధిలో ఒక్క మగ్గం చప్పుడు ఉండదు. అరవై ఏళ్ళు ఆ చప్పుడుకు లేచినవాణ్ణి. ఇప్పుడు లేచి కూర్చున్నా లేచినట్టుండదు. బాగానే ఉన్నాను, దిగులు పడకు.

పని ప్రసాదు కొట్లోనే. చీర అంచుల మీద పువ్వులు దించడానికి మగ్గాలకు చిల్లుల అట్టలు కడతారు కదా, అవి ఇక్కడ తయారవుతాయి. మిషను చిల్లులు కొడుతుంది. నేను అట్టల్ని వరస తప్పకుండా తాడుతో కుడతాను. నా కుట్టుకు వంక పెట్టినవాడు ఇంతవరకు లేడు.

వెనక గదిలో పాత కంప్యూటరు ఒకటి ఉంది. యూనిక్స్ మిషనంటారు. ప్రసాదు వాళ్ళ నాన్న కొన్నది. నువ్వు గళ్ళకాగితాల మీద వేసిన అంచులు నలభైనీ ఆయన అందులోకి ఎక్కించుకుని కాగితాలు మనకు తిరిగిచ్చాడు. ఆ కాగితాలూ, మన మగ్గం మీది అట్టలూ తుఫాను నీళ్ళలో ముద్దయిపోయాయి. కాబట్టి నీ పని ఆ డబ్బాలో తప్ప ఎక్కడా లేదు. ఊళ్ళో పని ఇస్తామన్నవాళ్ళని కాదని ఈ వయసులో ఇక్కడికి ఎందుకు పోతున్నావని నువ్వు అడిగావు. అప్పుడు చెప్పలేదు. ఇందుకే వచ్చాను.

ఎండాకాలంలో పిడుగు పడి దాని నెట్‌వర్క్ కార్డు కాలిపోయింది. అందులోని బొమ్మలు వైరు మీదుగా కొత్త కంప్యూటరులోకి రావాలంటే ఆ కార్డే దారి. ఫ్లాపీలు పెట్టే చోటు ఎప్పుడో పాడైంది. తెర కూడా వణుకుతోంది. చివరికి గుంటూరులో పాత సామాన్ల కొట్లో ఒక కార్డు దొరికింది, కానీ వేరే రకం. దాన్ని పెట్టడానికి రేపల్లె పాసింజరులో సుధారాణి అనే ఆవిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఒకప్పుడు బాపట్లలో ఇలాంటి మిషన్లే చూసేదట.

"బిగించేశావుగా అమ్మా, ఇంకా ఏంటి ఆలస్యం?" అన్నాను.

"బిగిస్తే చాలదండి బాబాయిగారూ. ఈ కార్డుతో ఎలా పని చేయించుకోవాలో మిషనుకి తెలియదు. అది చెప్పే ప్రోగ్రామునే డ్రైవరంటాం. పాత కార్డుది దీనికి పనికిరాదండి."

"మరి అది ఎక్కించు."

"ఊరికే ఎక్కదండి. మిషను తన మూల ప్రోగ్రాముని విప్పుకుని, ఈ డ్రైవరుని కలుపుకుని, మళ్ళీ కట్టుకోవాలి. గంట పైనే పడుతుంది."

"పడుగు అతకడమూ అంతేనమ్మా. తొందరపడితే పోగులు తెగుతాయి."

"అయితే మీకు నేను వేరే చెప్పక్కర్లేదు లెండి" అంది.

ఆ రోజు అమావాస్య, మనం మగ్గం ఆపి బొట్టు పెట్టి దణ్ణం పెట్టుకునే రోజు. మిషను నడపొద్దని నేను పొద్దుటే అన్నాను. "ఆవిడ మళ్ళీ ఎప్పుడు దొరుకుతుందో, ఒక్క గంట ఓర్చుకో బాబాయ్, తర్వాత ఆపేద్దాం" అన్నాడు ప్రసాదు. సరేనన్నాను. పని మొదలుపెట్టే ముందు, మా అక్క గీసిన హంస అంచుని చూపించమన్నాను. ప్రసాదు తెరిచాడు. ఆవిడ కళ్ళజోడు పైకెత్తి మరీ చూసింది. నాకు గొప్పగా ఉండింది. దాన్ని మూయకుండానే ఆవిడ పని ఎక్కించింది, ఇద్దరూ భోజనానికి వెళ్ళారు.

గంటన్నర అయింది. నేను కుంకుమ, అగరొత్తులు పట్టుకుని లోపలికి వెళ్ళాను. తెర నల్లగా ఉంది. అయిపోయింది, ఆపడం మరిచిపోయారనుకున్నాను. గోడ మీద స్విచ్చు తీసేశాను. మిషనుకు బొట్టు పెట్టి, దణ్ణం పెట్టుకుని వచ్చి కూర్చున్నాను.

వాళ్ళు వచ్చి చూశారు. మళ్ళీ వేస్తే నాలుగు మాటలు తెర మీదకి వచ్చి ఆగిపోయింది.

"ఏంటి బాబాయ్ ఇది, నిన్నెవరు ముట్టుకోమన్నారు?"

"అమావాస్యనాడు నడపొద్దన్నాను. గంటన్నావు, గంటన్నర చూశాను."

"చూశావులే. ఇక పాతసామాన్ల బండికి ఎత్తడమే."

నేను వెళ్ళి గడప మీద కూర్చున్నాను. సుధారాణి వచ్చి పక్కన నిలబడింది.

"తెర నల్లబడితే నిద్రపోతున్నట్టండి, పని లోపల జరుగుతూనే ఉంటుంది. ఆ మాట మీకు చెప్పి వెళ్ళాల్సింది నేను. ఆ హంస గీసినావిడ ఉన్నారా అండి?"

"పేరాలలో ఉంది. చెయ్యి వణుకుతుంది, ఇక గీయలేదు."

ఆవిడ ఇంకేమీ అడగకుండా లోపలికి వెళ్ళింది. పని మొదలుపెట్టే ముందే పాత మూల ప్రోగ్రాముని చెరపకుండా వేరే పేరుతో పక్కన పెట్టిందట. ఆ పేరు కొట్టి లేపితే మిషను లేచింది. సాయంత్రం దాకా తనలో ఏం చెడిందో వెతుక్కుంటూ కూర్చుంది. మర్నాడు ఆవిడ మళ్ళీ రేపల్లె నుంచి వచ్చి అంతా మొదటినుంచి చేసింది. ఈసారి నన్ను పక్కనే కుర్చీ వేసి కూర్చోబెట్టింది. కార్డు వెనక చిన్న పచ్చ దీపం వెలిగింది. నీ అంచులు ఒక్కొక్కటే కొత్త కంప్యూటరులోకి వచ్చాయి. ముప్పై తొమ్మిది నిండుగా వచ్చాయి.

హంస రాలేదక్కా. కాళ్ళు, రెక్కలు, తోక ఉన్నాయి. మెడ దగ్గర నుంచి పైన తెల్లగా ఉంది. నేను కరెంటు తీసినప్పుడు తెరిచి ఉన్నది అదొక్కటే. తెరిపించింది నా గొప్ప, తీసింది నా చెయ్యి. ప్రసాదు ఇంకా మాట కలపడం లేదు, కలపకపోతే పోనీ. అతనికి చెప్పని మాట నీకు చెబుతున్నాను. తప్పు నాది.

ఆ అంచు చీర ఒక్కటైనా మన ఇంట్లో ఉంచుకోలేదు. నేను ఎన్ని నేశానో లెక్కలేదు, కానీ మెడ ఎన్నో గడి దగ్గర తిరుగుతుందో నాకు తెలియదు. అట్టలు పోగులు లేపేవి, నేను పేక వేసేవాణ్ణి. ఇందులో గళ్ళకాగితం ఒకటి పెట్టాను. అడుగు సగం ఇక్కడ ఉన్నట్టే గళ్ళు నింపాను. పైసగం నువ్వు చూడాలి. గీయలేకపోతే నువ్వు చెబుతుంటే విజయ చుక్కలు పెడుతుంది. చుక్క పక్క గడిలో పడినా పరవాలేదు, నేను సరిచేసుకుంటాను. రోజుకు రెండు వరసలైనా చాలు. కళ్ళు నొప్పెడితే ఆపెయ్యి.

విజయకు, పిల్లలకు నా దీవెనలు. వీధిలో పెద్దలందరినీ అడిగానని చెప్పు. మందులు మానొద్దు. పెద్దదానివి, ముందు నాలుగు తిట్టి ఆ తర్వాతే నన్ను దీవించు.

నీ తమ్ముడు,
కోటయ్య