గోడపక్క మడి

నాన్నా,

ఫోన్లో అడిగితే "ఆఁ, ఊఁ" అని మాట దాటేస్తావని తెలిసే ఈ ఉత్తరం రాస్తున్నాను. కాగితాన్నైతే దాటెయ్యలేవు. ఎటు తిప్పినా నీ చేతిలోనే ఉంటుంది.

భవనం చరిత్ర రాసే పని సగం అయింది. చూడటానికి వచ్చేవాళ్లకి ఇచ్చే చిన్న పుస్తకం అది. ఓడల వ్యాపారి కట్టించిన నలభై రెండు గదుల గురించి రాశాను. ఒక్కరోజు కూడా నీళ్లు చిమ్మని పాలరాతి ఫౌంటెను గురించీ రాశాను. లోపలి తోట కోసం ఆయన సముద్రం అవతలినుంచి నల్లమట్టి తెప్పించాడట. చుట్టూ ఎర్రనేల, ఆ నాలుగు గోడల మధ్య మాత్రం నలుపు. నువ్వు అక్కడ తోటమాలివి, అమ్మ బట్టలుతికి ఇస్త్రీ చేసేది. నాలుగేళ్లు వచ్చేదాకా గేటు పక్క గదిలో పెరిగానట నేను. నాకు ఒక్క ముక్క గుర్తులేదు, నువ్వు ఒక్క ముక్క చెప్పలేదు.

మా మేనేజరుగారికి కావలసింది చరిత్ర కాదు, దయ్యం. "ఆ తెల్లబట్టల మనిషి గురించి ఇంకో రెండు పేజీలు పెంచండమ్మా, జనం వచ్చేదే దానికోసం" అంటారు. హాల్లో పాతకాలం అతిథులు రాసిపెట్టిన పుస్తకం ఒకటుంది. అందులో ఆరేళ్లపాటు, రకరకాల చేతిరాతల్లో ఒకటే కథ. పొద్దువాలే వేళ లోపలి తోటలో తెల్లగా ఎవరో నడుస్తారు, గోడ దగ్గర వంగుతారు, లేచి వెళ్లిపోతారు. ఒకావిడైతే తెల్లవారుతుండగా కూడా చూశానని, పొద్దున పొట్టిగా, సాయంత్రం పొడుగ్గా ఉందని రాసింది. "పగలంతా తిని ఎదుగుతుందేమో" అని మేనేజరుగారు నవ్వారు. నేనూ నవ్వాను.

తర్వాత సామాన్ల గదిలో నీ పని డైరీలు దొరికాయి. "గోడపక్క మడి: గులాబీ వేరు కుళ్లింది." "గోడపక్క మడి: లిల్లీ కుళ్లింది." ఏడుసార్లు నాటావు, ఏడుసార్లూ అదే మాట. అక్కణ్ణుంచి ఆఖరి పేజీ దాకా రోజూ ఒకటే: "గోడపక్క మడి: ఏమీ లేదు. నీళ్లు పోశాను." ఏమీ లేనిదానికి ఎవరైనా నీళ్లు పోస్తారా నాన్నా? నిద్రలో లేపి అడిగినా ఏ మొక్కకి ఎన్ని చెంబులో చెప్పగలవాడివి!

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. పోయే ముందురోజు, నువ్వు మందులకి వెళ్లినప్పుడు, నా చెయ్యి పట్టుకుని "గోడపక్కన ఎండిపోతోందే, కాసిని నీళ్లు పొయ్యి" అంది. జ్వరంలో పలవరింత అనుకుని "పోస్తాలేమ్మా" అన్నాను. నీకు చెప్పలేదు. ఇప్పుడు ఆ మడి ముందు నిలబడితే వెనక ఎవరో ఉన్నట్టుంటుంది. భయమేస్తుంది. తిరిగి చూస్తే వెళ్లిపోతుందేమోనని ఇంకా భయమేస్తుంది.

ఆ తెల్లబట్టల మనిషి అమ్మే కదూ? అక్కడ ఏముంది నాన్నా? సోమవారం ఆ మడి తవ్వేస్తున్నారు, కొత్తగా పెట్టే టీ కొట్టుకి మురుగు గొట్టం వెయ్యడానికి. నువ్వు నోరు విప్పకపోతే, ఆపమని నేను ఏ ముఖం పెట్టుకుని అడగను?

నీ బుజ్జమ్మ

*

బుజ్జితల్లీ,

నాలుగుసార్లు చదివాను. ఐదోసారి అక్షరాలు కనబడలేదు. ముందు ఈ కాగితం తీసుకెళ్లి మీ మేనేజరుగారికి చూపించు. ఆ మడిలో పార దిగకూడదు. అక్కడ నీ అక్క ఉంది.

ఒక్క పగలు బతికింది. మీ అమ్మ ఒళ్లు తెలియని జ్వరంలో ఉంది. ఆ వారం అయ్యగారింట్లో పెళ్లి, నలభై రెండు గదుల్లోనూ చుట్టాలే. చావు కబురు పొక్కకూడదని, పనివాళ్లెవరూ గేటు దాటకూడదని ఉత్తర్వు. తువ్వాల్లో చుట్టిన బిడ్డని గుండెకి ఆనించుకుని గేటు దగ్గర గంటసేపు బతిమాలాను. వదల్లేదు. ఆ గోడపక్క నా చేతులతో నేనే తవ్వాను. మీ అమ్మ లేచాక, ఆసుపత్రివాళ్లు తీసుకెళ్లి ఊరవతల పూడ్చారని అబద్ధం చెప్పాను. నిజం చెబితే రోజంతా అక్కడే కూర్చుంటుందని, అయ్యగారికి తెలిస్తే తవ్వించి పారేయిస్తారని నా భయం. తను మళ్లీ అడగలేదు. నమ్మిందనుకున్నాను.

నీ దయ్యం నేనే తల్లీ, ఈ బట్టతలతో, ఈ మీసాలతో. పనివేళ దాటాక తోటమాలి లోపల కనబడితే ఉద్యోగం ఊడుతుంది. ఆరేసిన బట్టలు తీసే ఆడవాళ్లనైతే ఎవరూ పట్టించుకోరు. అందుకని తీగమీద ఆరిన తెల్లదుప్పటి ఒకటి తలమీంచి కప్పుకుని వెళ్లేవాణ్ణి. ఆరేళ్లలో ఒక్క సాయంత్రం మానలేదు.

కానీ పొద్దున నేనెప్పుడూ వెళ్లలేదు. ఆ పొట్టిమనిషి నేను కాదు. మీ అమ్మ నా భుజం దాకా కూడా వచ్చేది కాదు.

ఉతికి ఆరేసిన దుప్పటి అంచుకి రోజూ నల్లమట్టి ఎలా అంటుతోందో ఆమెకి తెలియకుండా ఉంటుందా? నేనెంత వెర్రివాణ్ణి! ఆ అంచు మళ్లీ ఉతికింది. రోజూ ఉతికింది. ఒక్కసారి కూడా నన్ను అడగలేదు.

నేను నాటిన ఏడు మొక్కలూ ఎందుకు కుళ్లాయో ఇవాళ తెలిసింది. ఆ బిడ్డకి నా మీద కోపమనుకున్నాను. గేటు దాటించలేని తండ్రి చేతి నీళ్లు తనకి వద్దేమో అనుకున్నాను. ముప్పై ఏళ్లు ఆ మాట మోశాను, ఎవరికీ చెప్పలేదు. మీ అమ్మ పొద్దున పోసింది, నేను సాయంత్రం పోశాను. అన్ని నీళ్లు తాగి ఏ వేరు బతుకుతుంది? ఒకే గదిలో పడుకుని ఒకరికి తెలియకుండా ఒకరం ఏడ్చాం, అంతే. తోటమాలినై ఉండి, పోసేముందు మట్టిలో వేలు పెట్టి చూసుకోవాలని నాకు తట్టలేదు. నాటేటప్పుడు తప్ప ఆ మట్టి తాకలేదు, చెంబు వంపేసి వచ్చేసేవాణ్ణి.

ఆదివారం మొదటి బస్సుకి వస్తున్నాను. చామంతి నారు తెస్తాను. పుస్తకంలో తెల్లబట్టల మనిషిని ఉండనివ్వు, ఒకరు కాదు ఇద్దరని మాత్రం సరిచెయ్యి.

నేను తిరిగి ఇంటికి వచ్చేశాక ఆ మడి నువ్వే చూసుకోవాలి. పొద్దున నీళ్లు పోసేముందు మట్టిలో వేలు గుచ్చి చూడు. తడి తగిలితే పోయకు. మీ అమ్మ పోసి వెళ్లి ఉంటుంది.

మీ నాన్న