గాలి డిస్కు

మా ఇంటావిడకు,

ఇక్కడ నేను క్షేమం. నా మోకాలి నొప్పి కూడా క్షేమంగానే ఉంది. ఆపరేషన్ తర్వాత మీ అక్కయ్యగారు నాలుగడుగులు వేస్తున్నారని రాశావు, సంతోషం. వేళకు తింటున్నారా అని అడిగావు. తింటున్నాను. వంటింటి కుళాయి బాగు చేయించాను. ఫోన్‌లో నాకు నోరు పెగలదని నీకు తెలుసు, అందుకే ఈ ఉత్తరం.

కంప్యూటర్లో నా లినక్స్ చదువు సంగతి అడిగావు. కలప డిపోలో పద్దులు రాసే చేతికి కమాండ్లు తొందరగానే అలవాటయ్యాయి. ఒక్క అక్షరం తప్పినా ఒప్పుకోదు, అచ్చం మా ఓనరే. కంప్యూటర్ల రిపేరు షాపు కుర్రాడు, అదే మన గడ్డం, మొదటిరోజే చెప్పాడు: "బాబాయ్, అసలు డిస్కు జోలికి పోకు. ఉత్త ఫైలొకటి చేసుకుని అదే డిస్కనుకో. ఫార్మాట్ చెయ్, పాడు చెయ్, మళ్ళీ బాగు చెయ్. పోయేదేముంది, గాలేగా!"

ఓసారి ఆ గాలి డిస్కును తీసుకెళ్ళి మన ఫొటోల ఫోల్డరు మీదే మౌంట్ చేశాను, అంటే దాని మీద తగిలించాను. ఫొటోలన్నీ మాయం. షాపుకు పరుగెత్తాను. గడ్డం పడీపడీ నవ్వాడు. "మంచం మీద దుప్పటి కప్పి మంచం పోయిందంటావేంటి బాబాయ్? దుప్పటి తియ్!" తీశాను. అన్నీ అక్కడే ఉన్నాయి.

ఇక నువ్వు ప్రతి ఉత్తరంలోనూ అడిగేది. ఆ రోజు బండి మీంచి మన చిన్నోడితో పాటు రోడ్డు మీద పడ్డ ల్యాప్‌టాప్, అందులో నీ పుట్టినరోజు కోసం వాడు పాడి దాచిన పాట. "ఎప్పుడు తీస్తారు? ఒక్కసారి వాడి గొంతు వినాలి" అని రాస్తావు. ఇంకా నేర్చుకుంటున్నానని నేను రాస్తాను.

అది అబద్ధం. నువ్వు అక్కయ్యగారింటికి వెళ్ళిన వారానికే ఆ డిస్కుకు కాపీ తీసి, కాపీ మీద మరమ్మతు నడిపాను. దొరికినవన్నీ పేర్లు పోయి, వట్టి అంకెలతో ఒక ఫోల్డరులో పోగుపడ్డాయి. ఒక్కొక్కటీ తెరిచి చూశాను. పాట లేదు. గడ్డం కూడా చూశాడు. ఈసారి నవ్వలేదు. "ఇక లేదు బాబాయ్" అన్నాడు.

నీకు రాయడానికి చెయ్యి రాలేదు. నేర్చుకునే పని మిగిలి ఉన్నన్నాళ్ళూ పాట పోయినట్టు కాదు కదా. అందుకే చిన్నోడి బల్ల దగ్గర కూర్చుని రోజూ గాలి డిస్కులే పాడు చేసి బాగు చేస్తున్నాను.

శబ్దం ఉన్న ఫైలు మాత్రం ఒకటి దొరికింది. పాడదామని రికార్డు నొక్కి ఉంటాడు. ఇంతలో వంటింట్లోంచి నీ కేక: "కంచంలో చల్లారిపోతోందిరా, ఎన్నిసార్లు పిలవాలి నిన్ను!" వాడు పలకడు. నువ్వు వింటానంటే వినిపిస్తాను, వద్దంటే నా దగ్గరే ఉంటుంది. చివర్లో కుర్చీ వెనక్కి జరిగిన చప్పుడు, రెండు అడుగులు. నీ దగ్గరికే వస్తున్నాడు. అక్కడితో ఆగిపోయింది.

ఇట్లు,
చిన్నోడి నాన్న