డ్రాఫ్ట్ రోజు నా మాట

మార్చి 3
మా ఆయన లైల్ మళ్ళీ అదే పని చేశాడు. రెస్టారెంట్‌లో నేను మెనూ మీద వేలు పెట్టేలోపే నాకు సూప్ చెప్పేశాడు. కాన్సర్ ఆపరేషన్‌లో గొంతు పోయింది గానీ ఆకలి పోలేదు. నాకు కావలసింది బర్గర్. సూప్ ముట్టుకోలేదు.

ఇరవయ్యేళ్ళు మా ఊరు యార్క్‌టన్‌లో ఆడపిల్లలకి సాఫ్ట్‌బాల్ కోచ్‌ని. నా కేక వింటే పార్కింగ్ లాట్‌లో కుక్కలు కూడా కూర్చునేవి. ఇప్పుడు ఆ టీమ్ ఇంకొకరికిచ్చారు. అరవలేనిదానికి కోచింగ్ ఎందుకన్నారట.

మార్చి 9
ఆన్‌లైన్ బేస్‌బాల్ లీగ్‌లో చేరాను. ఆటగాళ్ళు ఉత్తుత్తివాళ్ళు. మ్యాచ్‌లు కంప్యూటరే ఆడుతుంది. ఎవర్ని తీసుకోవాలి, ఎవర్ని దింపాలి అన్నది మాత్రం మేనేజర్లు తేల్చాలి. అంతా టైపింగే, హాయి. పేరు వి. కొవాల్చుక్ అని మాత్రం ఇచ్చాను.

లీగ్ నడిపే డ్వైట్ నెబ్రాస్కా మనిషి. అందరికన్నా అడుగునున్న టీమ్‌ని నాకు అంటగట్టాడు. దీనికి మేనేజర్ కాదు, పాడె మోసేవాళ్ళు కావాలని పర్విస్ అనే ఇంకో మేనేజర్ చాట్‌లో రాశాడు. ముందు బంతి విసిరే నీ పిచర్ మోకాలు చూసుకో, పాడె వాడిక్కావాలి అని రాశాను.

మార్చి 20
ప్రాక్టీస్ మ్యాచ్‌లో పర్విస్‌ని ఓడించాను.

ఏప్రిల్ 11
కొత్త ఆటగాళ్ళని పంచుకునే డ్రాఫ్ట్ వీడియో కాల్‌లోనేనట. ఎవరి వంతు వస్తే వాళ్ళు నిమిషంలోగా పేరు పైకి చెప్పాలి. టైప్ చేస్తానన్నాను. పర్విస్ దాన్నే పట్టుకున్నాడు. వీడి గొంతు ఎవరైనా విన్నారా, ఏ వేళ అడిగినా టక్కున జవాబిస్తాడు, ఇది మనిషి కాదు, ఏదో ప్రోగ్రామ్, తీసిపారెయ్యండి అన్నాడు. ఒక్క మాట మాట్లాడితే చాలు, లేదంటే టీమ్ వేరేవాళ్ళకి ఇచ్చేస్తానని డ్వైట్ రాశాడు.

నిజం రాస్తే మినహాయింపు ఇస్తారు. జాలిపడి ఇస్తారు. అక్కర్లేదు.

“నేను మాట్లాడతా కదే, నువ్వు పేరు రాసి చూపించు చాలు,” అన్నాడు లైల్. టీమ్ నాది అని ఫోన్‌లో రాసి చూపించాను. మొహం మాడ్చుకుని గరాజ్‌లోకి పోయాడు.

ఏప్రిల్ 12
హాస్పిటల్‌లో ఇచ్చిన గొంతు మెషీన్ బయటికి తీశాను. మెడకి ఆనించి మీట నొక్కితే మాట వస్తుంది, రేకు డబ్బాలో తుమ్మెద ఇరుక్కున్నట్టు. ఒకసారి సూపర్‌మార్కెట్‌లో వాడితే క్యూ అంతా వెనక్కి తిరిగింది. మళ్ళీ ముట్టుకోలేదు.

ఈరోజు పొద్దున్నించీ దాంతో ఆటగాళ్ళ పేర్లు పైకి చదివాను. మెడ నొప్పి.

ఏప్రిల్ 18, సాయంత్రం
నా వంతు వచ్చింది. మీట నొక్కాను. “అమోస్ టెల్ఫర్. షార్ట్‌స్టాప్.” రెండో, మూడో బేస్‌ల మధ్య బంతులు ఆపేవాడు.

పర్విస్ పగలబడి నవ్వాడు. “చెప్పానా! వినండ్రా, రోబో!”

నిమిషం అయిపోతోంది, డ్వైట్ ఇంకా పేరు రాసుకోలేదు. కెమెరా ఆన్ చేశాను. మొహం, మెడలో రంధ్రం, మెషీన్, అన్నీ కనబడనీ అని.

“కాన్సర్ నా గొంతే తీసుకుంది, బుర్ర వదిలేసింది. డ్వైట్, టెల్ఫర్‌ని నా టీమ్‌లో రాసుకో. పర్విస్, తర్వాతి వంతు నీది.”

పర్విస్ నవ్వు ఆపాడు. “సారీ మేడమ్. అసలు... టెల్ఫర్‌ని నేను తీసుకుందామనుకున్నానండీ.”

“తెలుసు. అందుకే తీసుకున్నా.”

అందరూ నవ్వారు. ఈసారి నవ్వు వేరు. లైల్ తలుపు దగ్గర నిలబడి అంతా విన్నాడు.

మే 2
మొదటి మ్యాచ్. 11-2తో ఓడాం. టెల్ఫర్ వెధవ మూడు బంతులు వదిలేశాడు. మెషీన్ సౌండ్ పూర్తిగా పెంచి వాణ్ణి తిట్టాను. పక్కింటివాళ్ళు వింటారని లైల్ కిటికీ మూయబోయాడు. వద్దన్నాను.